గాజు పెట్టెలో ఈశ్వరయ్య

హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ దిగి కాస్త నడిస్తే ఒక ఆరు అంతస్తుల బిల్డింగు వస్తుంది. పేరు చెప్పను. అందులో పగలు పనిచేసే వెయ్యి మందికి ఈ సంగతి తెలియదు. రాత్రి కాపలా కాసేవాళ్లకు తెలుసు. అడిగితే మాట మారుస్తారు.

ఆ బిల్డింగులో ఆరో అంతస్తు మంచిది కాదు.

అంతస్తంతా కాదు — కారిడార్ చివరి గది. యాడ్‌లకు బొమ్మలు చేసే చిన్న కంపెనీ వాళ్లది. గోడకు బదులు అద్దం. రాత్రి పదకొండు దాటితే అందరూ వెళ్లిపోతారు, లైట్లు ఆరిపోతాయి, ఏసీ ఆగిపోతుంది. అప్పుడు... ఆ చీకట్లో ఒక ముఖం వెలుగుతుంది.

ముఖం ఒక్కటే. మొండెం లేదు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. నెత్తిన గార్డు టోపీ. తెల్ల మీసం. మూల బల్ల మీదున్న గాజు పెట్టెలోంచి బయటికి చూస్తుంది.

మొదట చూసినవాడు తిమ్మప్ప. ఆదోని మనిషి, లిఫ్టుల దగ్గర డ్యూటీ. తెల్లవారి టీ బండి దగ్గర వాడు తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాడు.

"కంప్యూటర్ ఆపేసినారు. ఫ్యాను తిరగల్యా, లైటు ల్యా. పెట్టెలో మాత్రం ఈశ్వరయ్య ఉండాడప్పా... తల ఇట్లా పక్కకు వాల్చినాడు" అన్నాడు.

టీ బండి దగ్గర ఎవరూ నవ్వలేదు. ఈశ్వరయ్య పోయి అప్పటికి నెల. ఆ గది ముందున్న ప్లాస్టిక్ కుర్చీలోనే, డ్యూటీలోనే పోయాడు. పొద్దున చూసేసరికి తల కుడి భుజం మీదికి వాలి ఉంది — అచ్చం తిమ్మప్ప చూపించినట్టే.

వారం గడిచాక ఇంకో మాట పుట్టింది. ఇప్పుడు తల వాలి లేదట. లేచి నిటారుగా నిలబడిందట.

ఇంకో వారానికి... గదిలోంచి గుసగుసలు వినిపిస్తున్నాయట.

ఈ మాటలన్నీ విని కూడా విననట్టు కూర్చున్నవాడు ఒక్కడే — బాలనర్సయ్య. నారాయణఖేడ్ దిక్కు మనిషి. అరవై దాటాయి. కింద గేటు డ్యూటీ, గంటకోసారి మెట్లెక్కి అన్ని అంతస్తుల రౌండ్ డ్యూటీ, రెండూ అతనివే. మొండివాడని పేరు.

"దెయ్యం లేదు గియ్యం లేదు. మీ కండ్లు ఖరాబైనయ్" అనేవాడు.

"అట్లయితే నువ్వు పోయి చూసి రా పెద్దాయనా" అని తిమ్మప్ప దెప్పేవాడు.

"నాకేం చెప్తున్నవ్? రోజు పోతనే ఉన్న. యాప్‌ల చూస్కో."

గార్డుల రౌండ్లు నమోదయ్యే యాప్‌లో నిజంగానే ఉంది. ఒంటిగంట, ఆరో అంతస్తు, బాలనర్సయ్య. రెండు గంటలు, ఆరో అంతస్తు, బాలనర్సయ్య. నిమిషం తేడా లేదు. అది చూసి తిమ్మప్ప కూడా నోరు మూసుకునేవాడు. దెయ్యానికి భయపడని మనిషి అంటే బాలనర్సయ్యే అని కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పేవాళ్లు.

అసలు సంగతి బాలనర్సయ్యకు ఒక్కడికే తెలుసు. ఈశ్వరయ్య పోయిననాటి నుంచి అతను ఆరో అంతస్తులో కాలు పెట్టలేదు.

ఎట్లా అంటే — ప్రతి అంతస్తులో గోడకు ఒక క్యూఆర్ స్టిక్కర్ ఉంటుంది. గార్డు రౌండ్‌కు వచ్చి ఫోనుతో దాన్ని స్కాన్ చేయాలి. అతను వచ్చినట్టు కంపెనీకి అదే సాక్ష్యం. బాలనర్సయ్య దగ్గర ఆరో అంతస్తు స్టిక్కర్ ఫొటో ఒకటి ఉంది, సరిత ఫోనులో. సరిత అతని కూతురు. కొత్త ఫోను కొనుక్కుని పాతది తండ్రికి ఇచ్చింది. ఆ పాత ఫోనులో ఫొటో తెరిచి, డ్యూటీ ఫోను దాని ముందు పెడితే చాలు. గేటు దగ్గర కుర్చీలోంచి లేవకుండానే ఆరో అంతస్తు ఎక్కి దిగినట్టు.

ఈశ్వరయ్య పోయిన రాత్రి కూడా అతను అదే చేశాడు.

దవాఖానలో డాక్టరు అడిగాడు — చివరిసారి ఈయన్ని చూసింది ఎవరు? శ్రీనివాసులు సార్ యాప్ తెరిచి చూసి, "మూడు గంటలకు బాలనర్సయ్య పోయినాడు సార్" అన్నాడు. ఆయన సూపర్‌వైజర్. అందరూ బాలనర్సయ్య వైపు తిరిగారు. చాప మీద కూర్చున్న ఈశ్వరయ్య భార్య సాయమ్మ కూడా తల ఎత్తి చూసింది.

అప్పుడు అతని నోట అబద్ధం దానంతటదే వచ్చింది.

"అవ్... మూడింటికి చూసిన. మంచిగనే ఉన్నడు. నవ్వుకుంట మాట్లాడిండు. తెల్లారినంక ఛాయ్ తాగుదాం అన్నడు."

డాక్టరు తల పంకించాడు. అట్లయితే ఆ తర్వాతే, ఒక్కసారిగా పోయుంటాడు, బాధ పడి ఉండడు అన్నాడు. సాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ ఈశ్వరయ్య ఎవరో పరాయివాడైతే వేరు. పన్నెండేళ్లు చందానగర్‌లో పక్కపక్క కిరాయి గదుల్లో ఉన్నారు ఇద్దరూ. బాలనర్సయ్య వేలిముద్ర మనిషి. యాభై ఏళ్ల వయసులో అతనికి అక్షరాలు నేర్పింది ఈశ్వరయ్యే — రాత్రి డ్యూటీల్లో, పాత విజిటర్ రిజిస్టర్ల వెనక పేజీల మీద. "క రాయి. తల కట్టు సక్కగ పెట్టు. దున్న కొమ్ము లెక్క రాస్తవేంది?" అని నెత్తి మీద మొట్టేవాడు.

తర్వాత నెలకు సాయమ్మ అదే బిల్డింగులో హౌస్‌కీపింగ్‌లో చేరింది. రాత్రి షిఫ్టు, మూడో అంతస్తు. ఆమె బకెట్ చప్పుడు వినిపిస్తే బాలనర్సయ్య మెట్ల వైపు తప్పుకునేవాడు. ఎదురుపడితే "బాగున్నవా వదినె" అని చెప్పులకేసి చూసేవాడు.

ఈశ్వరయ్య పోయాక మొత్తం నాలుగు నెలలు అట్లా నడిచింది.

మే నెలలో ఒక సాయంత్రం శ్రీనివాసులు సార్ గార్డులందర్నీ గేటు దగ్గర నిలబెట్టాడు. కడప ఆయన. మాట మెత్తన, పని గట్టి.

"ఈ రాత్రి నుంచి యాప్ మారింది. స్కాన్ ఒకటే సాలదు. స్టిక్కర్ పక్కన నిలబడి ఫొటో దిగాల. గోడ కనపడాల, మీ మొగమూ కనపడాల. ఏం పెద్దాయనా, నీకేం కష్టం లేదు గదా? నువ్వు రోజూ పోతానే ఉండావు."

"కష్టమేంది సార్" అన్నాడు బాలనర్సయ్య.

తిమ్మప్ప పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. "ఈశ్వరయ్యను అడిగినానని చెప్పు పెద్దాయనా."

పన్నెండు గంటల రౌండ్‌కు అతను అయిదో అంతస్తు దాకా ఎక్కి దిగిపోయాడు. ఒంటిగంట రౌండ్‌కు ఆరో అంతస్తు మెట్ల తలుపు దాకా వెళ్లి, గొళ్లెం మీద చెయ్యి వేసి... దిగిపోయాడు. రెండు గంటలకు డ్యూటీ ఫోను మోగింది. "రెండు రౌండ్లు ఎర్రగా చూపిస్తాండాయి, ఏమైంది?" అన్నాడు శ్రీనివాసులు సార్, నిద్ర గొంతుతో.

ఇక తప్పలేదు.

రెండున్నర దాటింది. బాలనర్సయ్య మెట్ల తలుపు తోశాడు.

చీకటి. నల్లటి చీకటి కాదు — చివర ఎక్కడో కాస్త తెల్లగా ఉంది. తన బూట్ల చప్పుడు తనకే వెనక నుంచి ఎవరో వస్తున్నట్టు వినిపించింది. టార్చి వేశాడు.

ప్లాస్టిక్ కుర్చీ అక్కడే ఉంది. ఖాళీగా. దాని పక్కన గోడకు స్టిక్కర్. నాలుగు నెలల్లో పై మూల ఊడి ముందుకు ముడుచుకుపోయింది.

గది వైపు చూడకూడదు అనుకున్నాడు. స్కాన్ చేసి, ఫొటో దిగి, పోవాలి. ఫోను ఎత్తాడు... ఫోను అద్దంలో, తన భుజం వెనక —

వెలుగుతున్న ముఖం.

తిరిగాడు.

గాజు పెట్టె. లోపల రెండు నల్లటి గొట్టాలు, పేగుల్లా వంపు తిరిగి, ఒక గుండ్రటి దాన్లోకి దూరుతున్నాయి. ఆ గుండ్రటి దాన్లో ఈశ్వరయ్య. టోపీ, మీసం, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. అంతా అతనే. చూస్తుండగానే ముఖం కదిలింది. నవ్వింది. చెయ్యి లేచి టోపీకి తాకింది — ఏళ్ల తరబడి చూసిన సెల్యూటే. ఆగింది. మళ్లీ నవ్వింది. మళ్లీ చెయ్యి లేచింది.

ముఖం కింద, గుండ్రటి అంచు వెంబడి, అక్షరాలు ఉన్నాయి. బాలనర్సయ్య పెదాలు వాటంతటవే కూడబలుక్కున్నాయి. ఆ మనిషి నేర్పిన చదువే మరి.

నే... ను... న్న.

నేనున్న.

గది తలుపు ఓరగా తెరిచే ఉంది. లోపలి నుంచి గుసగుస వినిపించింది. మాట తెలియలేదు. అతను కదలగానే ఆగిపోయింది.

గడప మీద కూలబడ్డాడు. టార్చి దొర్లి ఆరిపోయింది.

"అన్నా... ఈశ్వరన్నా... నన్నేం చెయ్యకు. చెప్త. అన్ని చెప్త. గా రాత్రి నేను రాలే. మూడింటికి నేను చూడలే. పదకొండు గంటలకు చూసిందే ఆఖరు. కిందనే కూసున్న. ఫొటో స్కాన్ చేసిన. పండుకున్న అన్నా... నా బటన్ల ఫోన్ చార్జింగ్ పెట్టి, సప్పుడు బంద్ చేసి, స్కాన్‌కు స్కాన్‌కు నడుమ పండుకున్న. రెండు గంటలప్పుడు నువ్వు ఫోన్ చేసినవ్... తెల్లారినంక చూసిన. ఒక్కసారి చేసినవ్..."

చీకట్లోంచి మాట వచ్చింది.

"మూడుసార్లు."

బాలనర్సయ్య పడిపోయిన టార్చి కోసం చేత్తో తడిమాడు. తను మూడు మిస్డ్ కాల్స్ చూశాడు. మూడూ తీసేశాడు. ఆ సంగతి లోకంలో ఎవరికీ తెలియదు — చేసినవాడికి తప్ప.

"మూడుసార్లు చేసిండు. రెండు పద్నాలుగు, రెండు పదిహేడు, రెండు ఇరవై. దెయ్యానికి చెప్పేటప్పుడు గూడ తక్కువ చేసి చెప్తవా నర్సయ్యా?"

ఆడ గొంతు.

బల్ల వెనక నుంచి ఒక నీడ లేచింది. స్విచ్ నొక్కిన చప్పుడు. లైటు వెలిగింది. నీలం యూనిఫారం, చేతిలో తుడిచే గుడ్డ... సాయమ్మ.

బాలనర్సయ్య తల గోడకు ఆనించుకున్నాడు.

"వదినె... నువ్విక్కడ..."

"రోజు వస్త. మూడో అంతస్తు పని అయినంక అరగంట ఈడ కూసుంట. ఆయనతోని నాలుగు మాటలు మాట్లాడుకుంట. గుసగుసలని మీరంత భయపడేది నాకేనంట గద. నవ్వొచ్చింది."

ఆమె నవ్వలేదు.

బాలనర్సయ్య వేలు గాజు పెట్టె వైపు లేచింది. "మరి గా పెట్టె?"

"గా పెట్టెనా? కావ్య కంప్యూటర్. ఈ కంపెనీల పనిచేసే అనంతపురం పిల్ల. రాత్రులు ఒక్కతే పనిచేస్తుంటే ఆయన తలుపు కాడ కూసొని 'నేనున్న బిడ్డా, భయపడకు' అంటుండెనంట. ఆయన పోయినంక నన్ను పిలిచి ఏడ్చింది." సాయమ్మ గుడ్డతో గాజు మీద లేని దుమ్ము తుడిచింది. "పనిచేస్తుంటే కంప్యూటర్ మెదడు ఉడుకుతదంట. దాని మీద నీళ్ల మూత పెడ్తరంట, గీ గొట్టాలల్ల నీళ్లు తిరుగుతయంట. గా మూత మీద గీ చిన్న తెర. పగలంత ఎంత ఉడికిందో అంకెలు చూపిస్తది. మెషిన్ బంద్ అయినంక ఏ బొమ్మ పెడ్తే గా బొమ్మ. ఎవరో దేవుని బొమ్మ పెడ్తరంట, ఎవరో పిల్లి బొమ్మ. గీ పిల్ల నన్ను అడిగి, ఆయన సెల్యూట్ కొట్టిన వీడియో పెట్టి, కింద ఆయన మాట రాసింది."

"తల వాలి ఉండె అన్నరు..."

"గట్ల వాలింది మొదటి దినం. మూత బిగించిన తీరుకు తెర పక్కకు తిరిగి ఉన్నదంట. బొమ్మ అడ్డంగ వచ్చింది. నేను చూసి గుండె పట్టుకున్న, అచ్చం గట్లనే ఉన్నడు. ఇగ పిల్ల కండ్లు తుడుసుకుంట ఏదో నొక్కి సక్కగ తిప్పింది. టోపీ గూడ సగం కోసుకపోయింది, గుండ్రటి తెర గద, మల్ల చిన్నగ చేసి పట్టిచ్చింది. వెలుగు జర తగ్గిచ్చింది. వైర్ ప్లగ్గులనే ఉంటే, కంప్యూటర్ ఆపినా దీనికి కొంత కరెంటు వస్తదంట. అందుకే అన్ని స్విచ్‌లు బంద్ చేస్త, గిదొక్కటి చెయ్య."

గాజు పెట్టెలో ఈశ్వరయ్య సెల్యూట్ కొట్టాడు. లైటు వెలుగులో చూస్తే బొమ్మ చిన్నది, పాతది, అంచులు మసకబారింది. భయపెట్టేది ఏమీ లేదు అందులో. ఆ సంగతి బాలనర్సయ్యకు ఇంకా కష్టమైంది. దెయ్యమైతే కోపంగా చూసేది. ఈ ముఖం నవ్వుతోంది.

"నీకు మొదటి నుంచి తెల్సా?" అన్నాడు, నేలకేసి చూస్తూ.

"ఆయన ఫోన్ నాకిచ్చిన్రు గద. దవాఖానలనే చూసిన. నీ పేరు మీద మూడుసార్లు. మూడింటికి నవ్వుకుంట మాట్లాడిండని నువ్వు చెప్తుంటే నా చేతుల గా ఫోన్ ఉన్నది."

"మరి... ఎందుకు అనలే?"

సాయమ్మ గుడ్డ మడిచి బల్ల మీద పెట్టింది. కింద రోడ్డు మీద ఏదో బస్సు గేరు మార్చుకుంటూ పోయింది.

"బాధ పడి ఉండడు అన్నడు డాక్టర్. గా మాట ఒక్క రాత్రన్న నిజమనుకుందాం అనుకున్న. ఇగ... నువ్వు వస్తవని చూసిన. నీ అంతట నువ్వు ఎక్కి వస్తవని. నాలుగు నెలలాయె. కింద గేటు కాడ చెప్పులు చూసుకుంటనే ఉన్నవ్."

బాలనర్సయ్య చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. ఏడుపు రాలేదు. వస్తే బాగుండు అనిపించింది.

"రేపు శ్రీనివాసులు సార్‌కు చెప్త" అన్నాడు. "అందరి ముందర చెప్త. నౌకరి పోతే పోనీ."

"చెప్పు." అంతే అంది ఆమె. చెయ్యి చాపింది. "గా ఫొటో చూపియ్యి. దేనితోని అబద్ధం ఆడినవో నేనూ చూస్త."

అతను వెనక్కి జరిగాడు. ఇన్ని మాటలు చెప్పినవాడు ఆ ఒక్కదానికి వెనక్కి జరిగాడు. చెప్పనిది ఇంకొకటి మిగిలి ఉంది.

"వద్దు వదినె. తీసేస్త. గిప్పుడే నీ ముందట తీసేస్త."

"చూపియ్యి అంటున్న."

పాత ఫోను తీసి ఇచ్చాడు. తెర మీద పగుళ్లు. పగుళ్ల కింద తెల్ల గోడ, గోడ మీద నల్ల గళ్ల స్టిక్కర్. అప్పటికే దాని పై మూల ముడుచుకుంటోంది. ఆ మూలను గోడకేసి ఒత్తి పట్టుకుని ఒక బొటనవేలు ఉంది.

సాయమ్మ ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. వేలి గోరు సగం నల్లగా ఉంది. పోయిన దసరాకు షట్టర్ కింద నలిగిన గోరు. పసుపు పెట్టి కట్టు కట్టింది ఆమే.

"గిది..." అంది.

"అన్న వేలే." బాలనర్సయ్య గొంతు వినీ వినిపించకుండా ఉంది. "నా మోకాళ్లు నొస్తున్నయని... ఆయనే అన్నడు. 'గంటకోసారి గిన్ని మెట్లెందుకు ఎక్కుతవ్ రా. ఫొటో తీస్కపో, కిందనే కూసో' అన్నడు. స్టిక్కర్ లేస్తుంటే ఆయనే ఒత్తి పట్టిండు. 'ఫికర్ చెయ్యకు, ఈడ నేనున్న గద' అన్నడు."

ఆ రాత్రి, ఆ తర్వాత నాలుగు నెలల ప్రతి రాత్రి, గంటకోసారి, తను అబద్ధమాడిన ప్రతిసారీ ఆ వేలు కళ్ల ముందే ఉంది. ఒక్కసారి కూడా చూడకుండా స్కాన్ చేశాడు.

"తీసెయ్యాల్నా?" అన్నాడు.

సాయమ్మ తన బొటనవేలు తెర మీది బొటనవేలికి ఆనించి అట్లాగే ఉంచింది. తెర ఆరిపోబోతే మళ్లీ తాకింది. మళ్లీ ఆరిపోబోతే మళ్లీ తాకింది.

డ్యూటీ ఫోను మోగింది. మూడు గంటల రౌండ్.

బాలనర్సయ్య గోడ పట్టుకుని లేచాడు. మోకాళ్లు కలుక్కుమన్నాయి. కుర్చీ పక్కకు వెళ్లి, ముడుచుకున్న స్టిక్కర్ మూలను తన వేలితో గోడకేసి ఒత్తి పట్టుకుని స్కాన్ చేశాడు. ఫొటోకు ఫోను ఎత్తాడు. ముఖం మాత్రం పూర్తిగా ఎత్తలేకపోయాడు.

పొద్దున శ్రీనివాసులు సార్ ఆ ఫొటో చూశాడట. తల వంచుకున్న ఒక ముసలివాడు. అతని వెనక అద్దంలో, చిన్నగా, టోపీకి చెయ్యి తాకించి ఇంకొకడు.

"ఎవరప్పా నీ వెనకాల?" అని అడిగాడట.

బాలనర్సయ్య మొదలుపెట్టి చెప్పాడు. ఈశ్వరయ్య పోయిన రాత్రి పదకొండు గంటల నుంచి.